సోమవారం ఎవరిది? – అమెరికా పనివారం చరిత్ర

1968 జూన్ 28న అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన యూనిఫార్మ్ మండే హాలిడే చట్టం ఆ దేశపు సెలవులు కొన్నింటిని వాటి తేదీల నుంచి ఊడదీసి సోమవారాలకు కట్టింది. ఫిబ్రవరి 22న జరిగే జార్జ్ వాషింగ్టన్ జన్మదినం ఫిబ్రవరి మూడో సోమవారానికి, మే 30న జరిగే మెమోరియల్ డే ఆ నెల ఆఖరి సోమవారానికి, నవంబరు 11న జరిగే వెటరన్స్ డే అక్టోబరు నాలుగో సోమవారానికి మారాయి. కొలంబస్ డే అక్టోబరు రెండో సోమవారం నాడు కొత్తగా సమాఖ్య సెలవుల జాబితాలో చేరింది. 1971 జనవరి 1 నుంచి ఈ ఏర్పాటు అమలులోకి వచ్చింది. మూడో సోమవారం ఎప్పుడూ 15వ తేదీకి, 21వ తేదీకి మధ్యనే పడుతుంది కనుక, ఆనాటి నుంచి వాషింగ్టన్ పుట్టినరోజు సెలవు ఆయన పుట్టినరోజున ఒక్కసారి కూడా రాలేదు. ఇకముందు రాదు కూడా.

ఈ మార్పుకు చెప్పిన కారణాలలో ముఖ్యమైనవి రెండు. వరసగా మూడు రోజుల సెలవు దొరికితే కుటుంబాలు కలుసుకోవడానికి, ప్రయాణాలు చేయడానికి వీలవుతుందన్నది ఒకటి. వారం మధ్యలో కర్మాగారాలను ఆపి మళ్ళీ మొదలుపెట్టే నష్టం తప్పితే ఉత్పత్తి పెరుగుతుందన్నది రెండోది. ఈ రెండో కారణం దగ్గర కాస్త ఆగాలి. సోమవారం పని సరిగా సాగదన్న ఫిర్యాదు అమెరికా యజమానుల నోట అప్పటికే నూరేళ్ళకు పైగా నలుగుతూ వచ్చింది. ఆ సోమవారాన్ని దారిలో పెట్టడానికి గంటలు మోగించారు, జరిమానాలు వేశారు, మద్యాన్ని నిషేధించారు, శనివారాన్ని సెలవుగా ఇచ్చారు. చివరకు ఉత్పత్తి పేరు చెప్పి, ఏడాదికి కొన్నిసార్లయినా, సోమవారాన్ని పనిలోంచే తీసేశారు. ఈ ప్రయత్నాలను వరసగా చూస్తే, సోమవారం ఎంత పని జరిగిందన్న లెక్క వెనక మరొక తగాదా కనిపిస్తుంది. వారంలో విశ్రాంతి ఎక్కడ ఉండాలో, ఎవరు నిర్ణయించాలో అన్నదే ఆ తగాదా.

సెయింట్ మండే

వారం ప్రకృతి చేసినది కాదు. పగలూ రాత్రీ సూర్యుడి వల్ల, నెల చంద్రుడి వల్ల ఏర్పడ్డాయి. ఏడు రోజుల లెక్కకు ఆకాశంలో అలాంటి ఆధారం లేదు. రోజులకు గ్రహాల పేర్లు పెట్టుకున్న వరస మాత్రం రోము నుంచి మన పంచాంగం దాకా ఒకటే. మండే అన్నా సోమవారమన్నా చంద్రుడి రోజే. మనుషులు చేసినదే కనుక మార్చవచ్చునని ప్రభుత్వాలు అనుకున్న సందర్భాలు లేకపోలేదు. ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం 1793లో పది రోజుల వారాన్ని ప్రవేశపెట్టింది. సోవియట్ ప్రభుత్వం 1929లో, యంత్రాలు ఏ రోజూ ఆగకూడదని, ఐదు రోజుల చక్రాన్ని తెచ్చింది. కార్మికులను ఐదు జట్లుగా విడదీసి ఒక్కో జట్టుకు ఒక్కో రోజు సెలవిచ్చింది. యంత్రాలు ఆగలేదు గాని, భర్తకు సెలవైన రోజు భార్యకు కాలేదు. 1931లో ఆరు రోజుల వారం వచ్చింది, 1940లో పాత ఏడు రోజులే తిరిగి వచ్చాయి. అమెరికాలో ఏ ప్రభుత్వమూ అంత దూరం పోలేదు. అక్కడ వారం పొడుగు మారలేదు, దాని లోపలి ఏర్పాటు మీదనే పోరాటం నడిచింది.

ఆ పోరాటపు మూలాలు ఇంగ్లండులో ఉన్నాయి. యంత్రాలు రాకముందు అక్కడి నేతగాళ్ళు, చెప్పులు కుట్టేవారు, కత్తులు చేసేవారు చేసిన సరుకును బట్టి కూలి పుచ్చుకునేవారు. శనివారం డబ్బు చేతికందేది. ఆదివారం గడిచాక సోమవారం కూడా పనిలోకి పోకుండా కల్లుదుకాణంలోనో, కోడిపందాల దగ్గరో గడిపేవారు. వారానికి సరిపడే పనిని చివరి మూడు నాలుగు రోజులలో రాత్రింబవళ్ళు కూర్చుని పూర్తిచేసేవారు. ఈ అలవాటుకు వాళ్ళే వేళాకోళంగా ‘సెయింట్ మండే’ అని పేరు పెట్టుకున్నారు. చర్చి ఇచ్చిన పండుగలు చాలవని తాము సృష్టించుకున్న పుణ్యదినం అది. లండన్‌లో అచ్చుపనిలో ఉన్న యువకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ తాను ఏనాడూ సెయింట్ మండే పాటించలేదు కనుకనే యజమాని మెప్పు పొందానని ఆత్మకథలో చెప్పుకున్నాడు. తోటివాళ్ళు బీరు తాగుతుంటే ఆయన నీళ్ళు తాగేవాడట. అమెరికా తనను తాను ఊహించుకునే బొమ్మలో ఈ ఫ్రాంక్లిన్ ఎప్పుడూ ముందు వరసలోనే ఉంటాడు.

ఆ బొమ్మలో పట్టనివారు ఎక్కువమంది. ఇంగ్లండు కార్మికుల కాలస్పృహ మీద ఇ. పి. థాంప్సన్ 1967లో ప్రచురించిన వ్యాసం, దాన్ని అనుసరించి అమెరికా కార్మికుల మీద హెర్బర్ట్ గట్‌మన్ 1973లో ప్రచురించిన వ్యాసం ఈ విషయంలో నేటికీ దారి చూపేవి. మనుషులు తమ పనిని తామే నడుపుకునే చోటల్లా బద్ధకమూ ఉద్ధృతమూ ఒకదాని వెంట ఒకటి రావడం సహజమని థాంప్సన్ వాదించాడు. తెలుగువారికి ఇది వింత కాదు. అమావాస్య నాడు తాపీ పనివారు పనిలోకి రారు. ఎంత పెద్ద గుత్తేదారైనా ఆ రోజును పనిదినంగా లెక్కవేసుకోడు. కన్నడసీమలో శివభక్తులైన రైతులు సోమవారం ఎద్దులకు కాడి కట్టరు. మనిషికి కాకపోయినా ఎద్దుకు సోమవారం సెలవు.

గట్‌మన్ చూపిన ఉదాహరణలలో పీపాలు చేసే పనివారిది చెప్పుకోదగ్గది. శనివారం వాళ్ళు బీరు తెప్పించుకుని పని చోటనే పేకాడుతూ తాగేవారు. ఆ సరదా ఆదివారం కూడా సాగేది. సోమవారం పనికి వచ్చేవారు గాని పీపా ఒక్కటీ తయారయ్యేది కాదు. పనిముట్లకు పదును పెట్టుకోవడం, చెక్క లోపలికి మోసుకోవడం, లోకాభిరామాయణం, వీటితో పొద్దు గడిచేది. మంగళవారం నుంచి అసలు పని. యజమానుల భాషలో ఇది ‘బ్లూ మండే’, పోగొట్టుకున్న రోజు.

ఆ కాలపు ఆడవారి సోమవారం వేరు. అమెరికా ఇళ్ళలో సోమవారం బట్టలు ఉతికే రోజు. నీళ్ళు మోయడం, పొయ్యి మీద కాచడం, రుద్దడం, పిండడం, వారంలో ఇంతకన్నా బరువైన పని లేదు. సోమవారం తెల్లవారి ఉతకాలంటే ఆదివారం రాత్రే బట్టలు నానబెట్టుకోవాలి. గృహనిర్వహణ మీద ఆ శతాబ్దంలో అందరికన్నా పేరు పొందిన రచయిత్రి క్యాథరిన్ బీచర్ ఈ క్రమాన్ని మార్చమని సూచించింది. మేలైన గృహిణులు సోమవారాన్ని రాబోయే వారానికి సిద్ధం కావడానికి వాడుకుంటారని, కొనవలసినవి కొనడం, బట్టలు వేరు చేయడం, చిరుగులు కుట్టడం అప్పుడు చేసి, ఉతుకు మంగళవారానికి, ఇస్త్రీ బుధవారానికి పెట్టుకుంటారని ఆమె రాసింది. ఈ సలహానూ పీపాల వారి సోమవారాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక చిత్రమైన సంగతి బయటపడుతుంది. ఇద్దరూ చేసినది ఒకటే: వారానికి సిద్ధం కావడం. బీచర్ పుస్తకంలో అది ఇంటి నేర్పరితనం. యజమాని ఖాతాలో అది సోమరితనం. రోజు చివర లెక్కపెట్టడానికి పీపా లేదు కనుక ఆ రోజు జరిగినదేదీ పని కింద జమ కాలేదు.

గంట, గ్లాసు

మసాచుసెట్స్‌లోని లోవెల్ బట్టల మిల్లుల్లో ఈ తగాదా మొదట ఏకపక్షంగా తేలిపోయింది. పల్లెల నుంచి వచ్చిన యువతులు 1830లు, 40లలో అక్కడ వారానికి ఆరు రోజులు, సుమారు 73 గంటలు పనిచేసేవారు. నిద్ర లేవడానికి గంట, లోపలికి పోవడానికి గంట, తిండికి గంట. వాళ్ళుండే వసతి గృహాలు కంపెనీవే. ఆదివారం చర్చికి పోవడం కూడా కంపెనీ నియమమే. అలాంటిచోట సెయింట్ మండేకు సందు లేదు. అక్కడి స్త్రీలు 1845లో శారా బ్యాగ్లీ నాయకత్వాన పది గంటల పనిదినం కోసం రాష్ట్ర శాసనసభకు అర్జీలు పంపారు. రోజుకు ఎన్ని గంటలన్న ఈ పోరాటం 1886 మే నెలలో షికాగో హేమార్కెట్ దాకా, ఆ తరువాత దాకా నడిచిన సంగతి బాగా తెలిసినదే. దక్షిణాది తోటల్లోని బానిసలకు ఈ వాదాలలో ఏ వైపునా చోటు లేదు. వాళ్ళకు ఆదివారం దొరికినా దొరికినది యజమాని దయగా మాత్రమే.

అంతర్యుద్ధం తరువాత గనులకు, ఉక్కు కొలుములకు, కర్మాగారాలకు యూరప్ పల్లెల నుంచి లక్షల మంది వచ్చారు. ఒక తరం కార్మికులు గంటకు అలవాటు పడేసరికి పొలాల నుంచి మరొక తరం దిగేదని, దానితో ఆ పాఠం ఆ దేశంలో మళ్ళీ మళ్ళీ మొదటి నుంచి చెప్పవలసి వచ్చిందని గట్‌మన్ ముఖ్య వాదన. కొందరు యజమానులు జీతాల రోజును శనివారం నుంచి వారం మధ్యకు జరిపి చూశారు. సోమవారం రానివాళ్ళకు తప్పంతా సారాదేనన్న నమ్మకం యజమానుల్లోను, సంస్కర్తల్లోను పాతుకుపోయింది. మద్యనిషేధ ఉద్యమానికి చర్చి ఎంత బలమో, ఈ నమ్మకమూ అంత బలం. కార్మికుడికి యంత్రం దగ్గర దెబ్బ తగిలితే యజమాని పరిహారం చెల్లించాలన్న చట్టాలు 1911 తరువాత ఒక్కొక్క రాష్ట్రంలో రావడంతో, సోమవారం పొద్దున్న మత్తు దిగని మనిషి యజమానికి మరింత ఖరీదైనవాడయ్యాడు.

1920 జనవరిలో నిషేధం అమలులోకి వచ్చింది. దానివల్ల దేశపు ఉత్పాదకత పెరిగిందని, బ్లూ మండే బెడద తగ్గిందని వాదించినవారిలో యేల్ ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ ముఖ్యుడు. ఆ దశాబ్దంలో ఉత్పత్తి పెరిగిన మాట నిజమే. అయితే విద్యుత్తు, అసెంబ్లీ లైను కూడా అవే ఏళ్ళలో కర్మాగారాలను తిరగరాస్తున్నాయి. గ్లాసుకు దక్కవలసిన వాటా ఎంతో విడదీయడం ఫిషర్ అనుకున్నంత సులభం కాదు. 1933 డిసెంబరులో నిషేధం ముగిసింది. ఒక రోజును బాగుచేయడానికి రాజ్యాంగాన్నే సవరించి, పద్నాలుగేళ్ళ తరువాత ఆ సవరణను మళ్ళీ సవరించుకున్న దేశం మరొకటి లేదేమో.

శనివారం చేతులు మారిన తీరు

నిషేధాన్ని గట్టిగా సమర్థించిన పారిశ్రామికులలో హెన్రీ ఫోర్డ్ ఒకడు. 1913లో ఆయన కర్మాగారంలో చేరినవాళ్ళు చేరినట్టే వెళ్ళిపోయేవారు. ఏడాదిలో ఉద్యోగుల సంఖ్యకు మూడున్నర రెట్లకు పైగా మనుషులను కొత్తగా తీసుకోవలసి వచ్చింది. 1914 జనవరిలో ప్రకటించిన రోజుకు ఐదు డాలర్ల జీతం, ఎనిమిది గంటల పని దీనికి ఆయన కనిపెట్టిన మందు. ఆ ఐదు డాలర్లు అందరికీ ఊరికే రాలేదు. కంపెనీ మనుషులు ఇళ్ళకు వచ్చి తాగుడు ఉందా, ఇల్లు శుభ్రంగా ఉందా, డబ్బు దాచుకుంటున్నారా అని చూసి పోయేవారు. సోమవారాన్ని కాపాడుకోవడానికి ఆదివారం ఇంట్లోకి తొంగిచూసిన ఏర్పాటు అది.

పన్నెండేళ్ళ తరువాత ఫోర్డ్ దారి మార్చాడు. 1926 మే నుంచి కర్మాగారాలలో, ఆగస్టు నుంచి కార్యాలయాలలో ఐదు రోజుల, నలభై గంటల వారాన్ని అమలు చేశాడు. ఐదు రోజుల్లో ఆరు రోజుల పని రాబట్టవచ్చునన్నది ఆయన ధీమా. తీరిక లేని మనిషికి కారుతో పనిలేదన్నది వ్యాపార సూత్రం. వేగం పెంచి ఆ రెండో రోజు సెలవును కార్మికుల చేతనే కట్టిస్తున్నాడన్నది కార్మిక సంఘాలవైపు వాదన. ఆ అక్టోబరులో అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ మహాసభ ఫోర్డ్ ఊరైన డిట్రాయిట్‌లోనే జరిగి ఐదు రోజుల వారాన్ని తన కోరికగా ప్రకటించింది. ఉత్పత్తిదారుల జాతీయ సంఘం అధ్యక్షుడు జాన్ ఎడ్గర్టన్ మాత్రం తీరిక మనుషులను చెడగొడుతుందని, తిరుగుబాటుదారులను చేస్తుందని చివరివరకూ వాదించాడు.

ఐదు రోజుల వారాన్ని ఫోర్డ్ కనిపెట్టాడని పాఠ్యపుస్తకాలు అనడం అన్యాయం. శనివారాన్ని పుణ్యదినంగా పాటించే యూదు కార్మికులకు అమెరికా పనివారం మొదటి నుంచి ముళ్ళ కంచె. శనివారం రాకపోతే ఉద్యోగం పోతుంది; ఆ పనిని ఆదివారం చేద్దామంటే ఆదివారం పనిని నిషేధించే పాత చట్టాలు అడ్డం. న్యూ ఇంగ్లండులోని ఒక నూలు మిల్లు 1908లో యూదు కార్మికుల కోసం శనివారం, ఆదివారం రెండూ మూసివేసిన సందర్భాన్ని ఐదు రోజుల వారానికి తొలి అమెరికన్ ఉదాహరణగా చరిత్రకారులు చెబుతారు. యూదులు ఎక్కువగా ఉన్న న్యూయార్క్ దుస్తుల పరిశ్రమలోని సంఘాలే ఈ కోరికను ముందుకు తోశాయి. ఫోర్డ్ సొంత పత్రిక ‘డియర్‌బోర్న్ ఇండిపెండెంట్’ 1920 నుంచి యూదుల మీద విషం కక్కిన పత్రిక. ఎవరి మీద ద్వేషం పంచాడో, వాళ్ళు అడిగిన శనివారమే ఆయన పేరు మీద చలామణి అయింది.

బ్రిటన్‌లోనూ ఇంతకుముందు ఇటువంటి బేరమే నడిచింది. 19వ శతాబ్దపు బర్మింగ్‌హామ్ యజమానులు శనివారం ఒంటిపూట సెలవు ఇచ్చి, బదులుగా సోమవారాలు సక్రమంగా పనికి రావాలన్న షరతు పెట్టారని డగ్లస్ రీడ్ చేసిన పరిశోధన చూపిస్తుంది. సెయింట్ మండే అక్కడ జరిమానాలతోనే పోలేదు. దాని స్థానంలో మరొక తీరిక దొరికాకే మెల్లగా కనుమరుగైంది. వారాంతం అని నేడు అంటున్నది, పూర్వం సోమవారం నాడు కార్మికులు తమంతట తాము తీసుకున్న తీరికే. యజమాని ఒప్పుకున్న చోటికి అది జరిగింది.

నలభై గంటల గీత

మహామాంద్యం ఈ లెక్కను తలకిందులు చేసింది. పని తక్కువ, మనుషులు ఎక్కువ అయినప్పుడు ఉన్న పనిని పంచడమే మార్గమనిపించింది. మిషిగన్‌లోని బ్యాటిల్ క్రీక్‌లో కెలాగ్ సంస్థ 1930 డిసెంబరులో ఎనిమిది గంటల షిఫ్టులు మూడింటిని ఆరు గంటల షిఫ్టులు నాలుగుగా మార్చింది. ఆ పద్ధతిని పట్టుకుని వేలాడిన కొన్ని విభాగాలలో, ముఖ్యంగా స్త్రీల మధ్య, అది 1985 దాకా బతికింది. 1933 ఏప్రిల్‌లో అలబామా సెనేటర్ హ్యూగో బ్లాక్ తెచ్చిన ముప్పై గంటల వారం బిల్లును సెనేట్ 53–30 ఓట్లతో ఆమోదించింది. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం వెనక్కి లాగడంతో అది చట్టం కాలేదు. అయిదేళ్ళ తరువాత, 1938 జూన్ 25న, ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం వచ్చింది. వారానికి 44 గంటలతో మొదలై, 1940 అక్టోబరు నాటికి 40 గంటలకు దిగింది.

ఈ చట్టం గురించి ఒక అపోహ బలంగా ఉంది. శని, ఆదివారాలు సెలవని అది ఎక్కడా చెప్పదు. నలభై గంటలు దాటితే గంటకు ఒకటిన్నర రెట్ల కూలి ఇవ్వాలని మాత్రమే అంటుంది. వారాంతాన్ని అది ఆజ్ఞాపించలేదు, దాని మీదికి వచ్చే పనిని ఖరీదు చేసింది. కనుక ఆ ఖరీదు ఎవరికి వర్తించదో వాళ్ళకు వారాంతం మీద చట్టం పెట్టిన కాపలా లేనట్టే. మొదట్లో పొలాల కూలీలు, ఇళ్ళలో పనిచేసేవారు బయట ఉండిపోయారు. దక్షిణాదిలో ఆ పనుల్లో ఉన్నది ఎక్కువగా నల్లవారు. అధికారులు, పరిపాలకులు, వృత్తినిపుణులు మొదటి నుంచీ మినహాయింపులో ఉన్నారు.

ఇక్కడ తెలుగు పాఠకులకు పనికివచ్చే తేదీ ఒకటుంది. కంప్యూటర్ సిస్టమ్స్ అనలిస్టులు, ప్రోగ్రామర్లు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లను, గంటల లెక్కన జీతం పుచ్చుకునేవారైనా, ఒక స్థాయికి మించి సంపాదిస్తే ఓవర్‌టైమ్ హక్కు నుంచి మినహాయించాలని అమెరికా కాంగ్రెస్ 1990 నవంబరులో చట్టం చేసింది. అది అప్పటి కనీస వేతనానికి ఆరున్నర రెట్లు. 1996లో గంటకు 27.63 డాలర్లుగా స్థిరపడి, నేటికీ అంతే ఉంది. హెచ్-1బి వీసాను సృష్టించిన వలస చట్టం మీద పెద్ద బుష్ సంతకం పెట్టినది కూడా 1990 నవంబరులోనే. రెండు చట్టాలకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. అయితే హైదరాబాదు, విజయవాడ, గుంటూరుల నుంచి తరువాతి మూడు దశాబ్దాలలో వెళ్ళిన తెలుగువారిలో చాలామంది ఒక చట్టం తెరిచిన తలుపు గుండా లోపలికి పోయి, రెండో చట్టం గీసిన గీతకు అవతల నిలబడ్డారు.

సోమవారపు కార్లు

యుద్ధకాలంలో 48 గంటలకు పెరిగిన వారం యుద్ధానంతరం మళ్ళీ నలభైకి వచ్చి స్థిరపడింది. సోమవారం మాత్రం స్థిరపడలేదు. 1960ల చివర కార్ల కర్మాగారాల్లోకి వచ్చిన కొత్త తరం కార్మికులు మాంద్యాన్ని ఎరగరు. జనరల్ మోటర్స్‌లో గైర్హాజరు సగటున నూటికి ఐదుగురికి, సోమ, శుక్రవారాల్లో పదిమందికి చేరిందని 1970లో ఫార్చ్యూన్ పత్రిక రాసింది. సోమవారం తయారైన కారు కొనవద్దన్న మాట ఆర్థర్ హేలీ నవల ‘వీల్స్’ (1971) ద్వారా దేశమంతా పాకింది. వారానికి నాలుగు రోజులే ఎందుకు వస్తున్నావని మేస్త్రీ అడిగితే, మూడు రోజుల జీతంతో బతకలేను కనుక అని కార్మికుడు అన్నట్టు ఒక హాస్యం ఆ రోజుల్లో తిరిగేది. ఒహాయో రాష్ట్రంలోని లార్డ్స్‌టౌన్‌లో 1972లో జరిగిన సమ్మె జీతం కోసం కాదు, లైను వేగం మీద. పీపాల వారి మనవళ్ళు తాతల సోమవారాన్ని అసెంబ్లీ లైను మీద తిరిగి కనిపెట్టారనవచ్చు. తేడా ఒక్కటే. పీపాల వారు సోమవారం పనిచోటికి వచ్చి సిద్ధమయ్యేవారు. లైను మీద సిద్ధం కావడానికి ఏమీ లేదు, బెల్టు కదలగానే చేతులు కదలాలి. ఒకటే మిగిలింది: రాకపోవడం.

సోమవారం సెలవుల చట్టం పుట్టినది, అమలైనది సరిగ్గా ఈ ఏళ్ళలోనే. వారం మధ్యలో సెలవు పడితే ముందు రోజో వెనక రోజో కలిపి మానేసేవారన్నది యజమానుల అనుభవం. ఎలాగూ బలహీనమైన రోజునే సెలవు చేసి తక్కిన నాలుగు రోజులను గట్టిపరచుకోవడం వాళ్ళకు లాభంగా తోచింది. ప్రయాణాల, హోటళ్ళ వ్యాపారానికి లాభమని వేరే చెప్పనక్కరలేదు. మాజీ సైనికులే ఎదురు తిరిగారు. మొదటి ప్రపంచయుద్ధం ఆగిన నవంబరు 11కు అక్టోబరులో ఏదో ఒక సోమవారం బదులు కాదన్నారు. అనేక రాష్ట్రాలు పాత తేదీనే పాటించాయి. 1975లో కాంగ్రెస్ దిగివచ్చి, 1978 నుంచి వెటరన్స్ డేని నవంబరు 11కు తిరిగి ఇచ్చింది. మెమోరియల్ డేని మే 30కి మార్చాలని హవాయి సెనేటర్ డేనియల్ ఇనౌయే చనిపోయేదాకా బిల్లులు పెడుతూనే ఉన్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్న మనిషి ఆయన. చనిపోయినవారి రోజు పరుపుల అమ్మకాల రోజు అయిందన్న బాధకు ఉత్పాదకత లెక్కల్లో గడి లేదు.

సోమవారం బడి లేదు

నాలుగు రోజుల వారం అన్న మాట 1970లో రీవా పూర్ సంపాదకత్వంలో వచ్చిన ‘4 డేస్, 40 అవర్స్’ పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. అందులోని గంటలు తగ్గలేదు, నలభై గంటలను నాలుగు రోజుల్లో కుక్కడమే. యూటా రాష్ట్రం 2008 ఆగస్టులో గవర్నర్ జాన్ హంట్స్‌మన్ ఆదేశంతో సుమారు 17,000 మంది ఉద్యోగులకు దీన్ని అమలు చేసి శుక్రవారం కార్యాలయాలు మూసింది. ఆశించినంత ఆదా కనిపించకపోవడంతో 2011లో శాసనసభ రద్దు చేసింది. తీసివేయడానికి శుక్రవారాన్ని ఎంచుకోవడం గమనించదగ్గది. సోమవారాన్ని తీసేస్తే మంగళవారం సోమవారమవుతుందని ఉద్యోగులకు తెలుసు.

బడులు ఆ భయం పెట్టుకోలేదు. డెన్వర్‌కు ఉత్తరాన బ్రైటన్‌లోని 27జె పాఠశాలల జిల్లా 2018లో మంగళవారం నుంచి శుక్రవారం వరకే బడి పెట్టింది. స్థానిక పన్ను పెంచడానికి ఓటర్లు ఒప్పుకోకపోవడంతో, జీతాలు పెంచలేని జిల్లా టీచర్లకు సోమవారాన్ని ఇచ్చి నిలుపుకోవాలనుకుంది. కాన్సస్ సిటీ పక్కనున్న మిస్సోరీ పట్టణం ఇండిపెండెన్స్ 2023లో అదే చేసింది. టీచర్లు పాఠాలు సిద్ధం చేసుకోవడానికి సోమవారం పనికివస్తుందన్నది సమర్థకుల మాట. క్యాథరిన్ బీచర్ విని ఉంటే మెచ్చుకునేది. చిన్నపిల్లలను సోమవారం ఎక్కడ ఉంచాలన్నది రోజుకూలి మీద బతికే తల్లుల మాట. 2024లో మిస్సోరీ ప్రభుత్వం పెద్ద ఊళ్ళలోని జిల్లాలు నాలుగు రోజుల బడి నడపాలంటే ఓటర్ల ఆమోదం తీసుకోవాలని చట్టం చేసింది. సోమవారం ఎవరిదన్న ప్రశ్న బ్యాలెట్ కాగితం మీదికి ఎక్కడం ఆ దేశంలో అరుదు.

ఆదివారం రాత్రి

2020 తరువాత కార్యాలయాల సంగతి చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కరలేదు. మంగళ, బుధ, గురువారాల్లో భవనాలు నిండుతున్నాయి. సోమ, శుక్రవారాల్లో బోసిపోతున్నాయి. ఇంటి నుంచి పనిచేసే సోమవారం నాడు జనం వారానికి ప్రణాళిక వేసుకుంటున్నారా, గుడ్డలు ఉతుక్కుంటున్నారా అన్న అనుమానం మేనేజర్లను పీడిస్తూనే ఉంది. రెండూ చేస్తున్నారన్నదే బహుశా నిజం. పందొమ్మిదో శతాబ్దపు ఇల్లూ, పీపాల కొట్టూ ఒకే గదిలోకి వచ్చి చేరాయి.

రెండు దేశాల మధ్య పనిచేసే తెలుగువారి సోమవారం ఈ అమెరికా చరిత్రలో మరొక మడత. సెయింట్ మండే కాలంలో విశ్రాంతి ఆదివారం నుంచి సోమవారంలోకి జారేది. ఇప్పుడు పని సోమవారం నుంచి ఆదివారంలోకి జారుతోంది. వేసవిలో హైదరాబాదు గడియారం కాలిఫోర్నియా కన్నా పన్నెండున్నర గంటలు ముందు. మాదాపూర్‌లో సోమవారం తొమ్మిదిన్నరకు జట్టు కూర్చుంటే శాన్ హోసేలో అది ఆదివారం రాత్రి తొమ్మిది. అక్కడ శుక్రవారం సాయంత్రం ఐదింటికి వచ్చిన సమస్య ఇక్కడ శనివారం తెల్లవారుజాము. ఒకరి ఆదివారం చివర కొంత, మరొకరి శనివారం మొదట కొంత ఈ ఏర్పాటులో కరిగిపోతాయి. అమెరికాలో ఉన్నవారిని 1990 నాటి మినహాయింపు నలభై గంటల గీతకు బయట నిలబెట్టింది. హైదరాబాదులో ఉన్నవారి విషయంలో, ఐటీ సంస్థలకు దుకాణాలు, సంస్థల చట్టంలోని పనివేళల వంటి కొన్ని నిబంధనల నుంచి ప్రభుత్వాలు మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. కనుక కరిగిపోయిన ఆ గంటలకు రెండు వైపులా ఖరీదు లేదు, లెక్క లేదు. సోమవారం ఉదయం అమెరికా ఉద్యోగి మందకొడిగా ఉన్నాడని ఏ సర్వే అయినా తేల్చితే, అతని సోమవారం ముందురోజు రాత్రే మొదలైందన్న సంగతి ఆ సర్వేలో ఉండదు.

నవంబరు మొదటి ఆదివారం అమెరికా గడియారాలు ఒక గంట వెనక్కి జరుగుతాయి. భారతదేశపు గడియారాలు జరగవు. ఆ వారం నుంచి మార్చి దాకా, అదే సమావేశం శాన్ హోసేలో ఆదివారం రాత్రి ఎనిమిదికి మొదలవుతుంది, పిల్లలు అన్నాలు తినే వేళకు.